పొగ దగ్గు

“ఈ మందు కూడా పని చేయడం లేదయ్యా” అన్నాడు డాక్టరు.

తేనె తీసే మనిషి ఎదురుగా ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. భార్యను వీపున మోసుకుంటూ కొండ దిగి వచ్చాడు. ఆ ఆయాసమే ఇంకా తీరలేదు. ఆమె బయట వరండాలో, అందరికీ దూరంగా వేసిన బల్ల మీద ముడుచుకుని పడుకుంది.

“మొదట మామూలు క్షయ అనుకున్నాం. మందులకు లొంగలేదు. మొండి క్షయ అని తేలాక సూదులు వేశాం, మాత్రలు మార్చాం. కఫం ఎప్పుడు చూసినా క్రిములు అలాగే ఉన్నాయి.”

తేనె తీసేవాడికి అదే అంతుపట్టలేదు. మాత్రలు చూస్తేనే ఆమె ముఖం తిప్పుకునేది. బతిమాలి, బుజ్జగించి, కసిరి, ఒక్కటి కూడా వదలకుండా మింగించాడు. మింగినప్పుడల్లా వాంతులు. మొదట్లో జ్వరం ఉన్నా లేచి తిరిగేది. మందులు మొదలయ్యాక మంచానికే అతుక్కుపోయింది. సూదులకు చెవులు కూడా పోయాయి.

“పోనీలే, నా సణుగుడు వినే బాధ తప్పింది దానికి” అని గూడెంలో అందరి ముందూ నవ్వాడు. తర్వాత అడవిలో ఒక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇప్పుడు మాట్లాడబోతే దగ్గు తెర ముంచుకొచ్చింది. నర్సు ముఖానికున్న మాస్కు సవరించుకుంది.

“నువ్వూ పరీక్ష చేయించుకోమని ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఇది పొగ దగ్గమ్మా. తేనెపట్టుకి పొగ పెట్టేవాళ్ళందరికీ ఉండేదే. ముందు దాని సంగతి చూడండి.”

డాక్టరు నిట్టూర్చాడు. “ఇంకొక్క మందు ఉంది. ఇంతకన్నా ఘాటైంది. ఆమె ఒళ్ళు తట్టుకుంటుందో లేదో చెప్పలేను. మళ్ళీ కఫం తెచ్చివ్వు, చూసి మొదలుపెడదాం.”

నర్సు ఆమె పేరు రాసిన చిన్న డబ్బా అతడి చేతిలో పెట్టింది.

మొదటిసారి వచ్చిన రోజు, పరీక్షలు చేసే మనిషి ఖాళీ డబ్బా చూసి కసురుకున్నాడు. “కఫం లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే మందు లేదు. పొండి.” ఆ మాట అతడు ఈనాటికీ మరవలేదు.

వరండాలోకి వచ్చాడు. ఏమన్నారని ఆమె కళ్ళతోనే అడిగింది. ఇంకో మందు ఉందని అతడు సైగ చేశాడు.

ఆమె అతడి చేయి పట్టుకుంది. “ఇక చాలయ్యా. నన్ను ఇంటికి తీసుకుపో.”

“నువ్వు లేకపోతే అది ఇల్లెట్లా అవుతుందే?” అన్నాడు, వినపడదని తెలిసినా.

పొడి దగ్గే తప్ప ఏనాడూ చుక్క కఫం పడని భార్యకు దుప్పటి కప్పి, ఎప్పటిలాగే ఆసుపత్రి గోడ చాటుకు వెళ్ళి, గుండెల్లోంచి గట్టిగా దగ్గి, ఆమె పేరున్న డబ్బాలో ఉమ్మి మూత బిగించాడు.