గురూజీ రాయనన్న మాట

"రాయను గాక రాయను!"

నాసిక్ బస్సు దిగొచ్చి అరుగు మీద సంచీ పెట్టాడో లేదో, వామన్ గురూజీ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. సుద్దముక్కల డబ్బా పట్టుకుని వెనకే పరిగెత్తుకొచ్చిన సర్పంచ్ తారాబాయి ఎదురుగా నిలబడి రొప్పుతోంది.

"పదకొండింటికి స్వచ్ఛ గ్రామం పోటీ వాళ్ళు వచ్చేస్తున్నారు గురూజీ! ఊరి మొగదల బోర్డు ఖాళీగా ఉంది. మీ చేత్తో 'కాయాపాలట్' అని ఒక్క మాట రాసిపెట్టండి చాలు."

ముప్పై ఏళ్ళుగా నింబారీ ఊరి బోర్డు మీద రోజుకో మంచిమాట రాస్తున్నది గురూజీయే. ఆయన రాశాడంటే అందులో తప్పుండదు, అబద్ధమూ ఉండదని ఊరి నమ్మకం. కూతురి పురుడికని ఆయన రెండు నెలలు నాసిక్‌లో ఉండిపోతే, ఆ బోర్డు మీద చెయ్యి పెట్టే సాహసం ఇంకెవరూ చెయ్యలేదు. ఆ నమ్మకాన్ని ఇవాళ ఒక్క మాటకోసం పోగొట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

"ఏం తారా, నాలుగో తరగతిదాకా నా దగ్గరే చదివావుగా. ఆ మాటకి అర్థం చెప్పు."

"బాగుపడటం."

"నీ మొహం! దానికి 'సుధారణా' అన్న మాట ఉందిగా. కాయ అంటే ఒళ్ళు. పాలట్ అంటే మారిపోవడం. ఒంటికి ఒళ్ళే మారిపోవాలి. ఊళ్ళో పుట్టి పెరిగినవాడికే ఊరు ఆనవాలు దొరక్కూడదు. అప్పుడు వాడాలి ఆ మాట! మురుగుకాలవ మీద బండ పరిస్తే కాయాపాలట్, బస్టాపుకి రేకేస్తే కాయాపాలట్... మన నాయకులు వాడి వాడి దాన్ని అరగదీసేశారు."

"ఇక్కడ మారలేదా? ఇంటింటికీ గులాబీ రంగు, ఇంటింటికీ నీలం తలుపు! ఆడవాళ్ళం రెండు నెలలు నడుములు విరగ్గొట్టుకున్నాం గురూజీ. ఆ మాట మీ అక్షరాల్లో చూసుకోవాలని అందరూ కళ్ళు కాయలు కాసేలా ఎదురు చూస్తున్నారు."

గురూజీ మనసు మెత్తబడింది. పగుళ్ళు పూడ్చిన అరుగును చేత్తో నిమిరాడు. ఎంత ముచ్చటగా చేశారో అనిపించింది. కానీ అబద్ధం రాయడం ఎలా?

"అమ్మాయ్ సుమన్, రెండు చాయ్!" అని కోడల్ని కేకేశాడు. లోపల గాజులు గలగలలాడాయి. స్టవ్ వెలిగిన చప్పుడైంది.

"అవునూ, మన గుమ్మం ముందు జామచెట్టేదీ? ఈ రంగుల పిచ్చిలో దాన్నీ నరికేశారా?"

తారాబాయి ఉలిక్కిపడింది. గుమ్మం వంకా గురూజీ వంకా మార్చి మార్చి చూసింది. ఉన్నట్టుండి ఆమె ముఖం వెలిగిపోయింది.

"చెట్టుకేం గురూజీ, ఉన్నచోట నిక్షేపంలా ఉంది."

"మరి కనపడదే?"

"చూద్దురుగాని. ముందు మన సంగతి తేలనివ్వండి. ఊళ్ళో పుట్టినవాడికే ఆనవాలు దొరక్కపోతే రాస్తారా?"

"రాస్తాను. బారెడేసి అక్షరాలతో రాస్తాను!"

"మాటంటే మాటేనా?"

"వామన్ మాట తప్పాడని విన్నావా ఎప్పుడైనా? కానీ నన్ను చూడు. డెబ్భై ఏళ్ళుగా ఈ ఊళ్ళోవాణ్ణి. బస్సు దిగాను, తలొంచుకుని నడిచాను, తిన్నగా వచ్చి కూర్చున్నాను. ఎవర్నైనా దారి అడిగానా? చెప్పు, అడిగానా?"

"లేదు గురూజీ." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓడిపోయి ఏడుపు దిగమింగుతోందని ఆయన జాలిపడ్డాడు.

బడి దగ్గర డోలు మోగింది. "జీపు! వాగు దాటేసింది!" అని ఎవరో అరిచారు. వీధంతా ఒక్కసారి కదిలింది.

"ఏం చెయ్యను తారా, రంగు మారింది గానీ ఊరు మారలేదు. ఇంకో మాటేదైనా చెప్పు, రాసిస్తాను."

నీలం తలుపు తెరుచుకుంది. తలమీద కొంగు సర్దుకుంటూ వచ్చినావిడ చాయ్ కప్పు ఆయన చేతికిచ్చి, మొహమాటంగా అంది.

"గురూజీ, మీ ఇల్లు పక్క వీధిలో."