కొత్త మెమరీ ముక్క

"మళ్లీ ఆగిపోయిందా సార్? మెమరీ పెంచితే మతి పోయింది దీనికి!" అన్నాడు మెకానిక్ లాప్‌టాప్ మూత తెరుస్తూ.

మెడకు మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన నవ్వలేదు. చేతిలోని పలక మీద రాసి చూపించాడు.

'రెండు మాటలు పలికి నీలి తెర వేసేసింది.'

"నీలి తెర కదా, అందుకే నీలుగుతోంది!"

తన మాటకు తనే పగలబడి నవ్వాడు మెకానిక్. అదే కొట్లో ఓ మూల జిరాక్స్ తీస్తున్న అతని భార్య మాత్రం నవ్వలేదు.

పెద్దాయన సంగతంతా మొదటిరోజే పలక మీద రాసి చెప్పాడు. ఆపరేషన్‌లో ఆయన గొంతు పోయింది. చూపులేని భార్య ఆసుపత్రిలో ఆఖరి దశలో ఉంది. ఆయన రాసింది నర్సు చదివి వినిపిస్తుంది. కానీ ఆవిడ అడిగేది ఆయన గొంతు.

పాత రికార్డింగులతో ఎవరో ఆ గొంతును లాప్‌టాప్‌లోకి ఎక్కించారు. టైపు చేస్తే ఆయనలాగే పలుకుతుంది. దానికి మెమరీ చాలదంటే, ఇక్కడే పాత ముక్క పక్కన కొత్త ముక్క వేయించుకున్నాడు. తంటా అప్పుడే మొదలైంది.

"రికార్డింగులంటున్నారు, పాటకచేరీలు చేసేవారా సార్?"

కాదన్నట్టు తలూపి, పెద్దాయన ఏదో రాయబోయాడు. ఈలోగా ఎదురుగా ఉన్న రైల్వే స్టేషన్ మైకు మోగింది. ఏళ్ల తరబడి అదే రికార్డు.

'ఆలస్యానికి చింతిస్తున్నాము.'

"చింతించు నాయనా, చింతించు! పొద్దస్తమానం అదే పని నీకు. చింతే గానీ బండి రాదు!" అని మైకు మీద అరిచాడు మెకానిక్.

పెద్దాయన రాయబోయింది ఆపేశాడు. పలక తుడిచి, 'త్వరగా ఇప్పించండి' అని మాత్రం రాశాడు.

ఆయన వెళ్లాక మెకానిక్ భార్య అంది.

"ఏవండీ, ఆ కొత్త ముక్క తీసేసి చూడొచ్చుగా. రెండూ పొసగడం లేదేమో."

"పొసగకపోవడానికి సవతులా అవి? నువ్వు నీ జిరాక్స్ చూసుకో. కాస్త నోటికి సెలవివ్వు."

ఆమె మరో కాగితం జిరాక్స్ మిషన్లో పెట్టింది.

ఆ ముక్క అంతకుముందు ఎవరో బాగోలేదని తిరిగిచ్చిన సరుకని మెకానిక్‌కు తెలుసు. తీస్తే తప్పు ఒప్పుకున్నట్టే.

అందుకే ఓ రోజు దుమ్ము దులిపాడు. ఇంకో రోజు ఫ్యాను మార్చాడు. కొట్లో లాప్‌టాప్ నిక్షేపంలా వెలిగేది. ఆసుపత్రిలో ఆ గొంతు ప్రోగ్రాము తెరిచి పలికించగానే కుప్పకూలేది. ఆ ప్రోగ్రాము ఒక్కసారైనా తెరిచి చూసే ఓపిక అతనికి లేకపోయింది.

పెద్దాయన మళ్లీ వచ్చి లాప్‌టాప్ బల్ల మీద పెట్టాడు.

"ఈసారి ఖాయం సార్! సాయంత్రానికల్లా గలగలా మాట్లాడేస్తారు. ఇక చాలు ఆపండి మహాప్రభో అని మేడం గారే మొత్తుకుంటారు!"

పెద్దాయన పలక మీద నెమ్మదిగా రాశాడు.

'ఆవిడ లేదు. ఇది ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యండి.'

పలక కూడా అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

జిరాక్స్ మిషను ఆగింది. భార్య వచ్చి స్క్రూడ్రైవర్ తీసి మొగుడి చేతిలో పెట్టింది.

అతను అడుగు మూత విప్పాడు. కొత్త ముక్క పీకేశాడు.

లాప్‌టాప్ వెలిగింది. ప్రోగ్రాము నత్తనడకన తెరుచుకుంది. ఆగలేదు. నీలి తెర రాలేదు.

పెద్దాయన ఆఖరిసారి టైపు చేసిన మాటలు తెర మీద అలాగే ఉన్నాయి.

మెకానిక్ మీట నొక్కాడు.

"ఆలస్యమైంది... కోప్పడకు," అంది లాప్‌టాప్, ఎదురు స్టేషన్ మైకులో రోజూ చింతించే ఆ గొంతుతో.