పక్క సీటు

ఆ రోజు ఇంట్లో అందరూ ఉన్నారు. మంచం మీద నాయనమ్మ బుల్లెమ్మ, పొయ్యి దగ్గర అమ్మ భీమక్క, సారపాక నుంచి పొద్దున్నే దిగి సిగ్నల్ లేని సెల్‌ఫోన్‌ను చేతిలో తిప్పుకుంటున్న మేనమామ బాలకృష్ణ, వాకిట్లో జీపు టైర్లు తడుముతున్న నాయన జంపయ్య, చున్నీ నడుముకు బిగించి గడప మీద కూర్చున్న దుర్గ.

నాయన ఉన్నట్టుండి తల ఎత్తాడు.

"రవీందర్ జీపొస్తంది. సైలెన్సర్‌కు చిల్లి పడ్డది, ఇంకా చేయించలే వాడు."

కాసేపటికి చెట్ల మలుపులోంచి వచ్చింది రవీందర్ జీపే. బాలకృష్ణ నోరెళ్లబెట్టాడు.

"సప్పుడింటే చాలు వీనికి," అంది నాయనమ్మ. "పుట్టినప్పుడు అందరి లెక్క ఏడ్వలేదు, హారన్ కొట్టిండు."

జంపయ్యకు బండ్ల పిచ్చి అలాంటిది. చిన్నప్పుడు పెట్రోలు వాసన కోసం వెదురు లారీల వెనక పరిగెత్తేవాడట. పెద్దయ్యాక ఒక పాత కమాండర్ జీపు కొని పినపాక దారిలో కిరాయికి నడిపాడు. పోయిన వానాకాలం అదీ మానేశాడు. ప్యాసింజర్లతో పంచాయితీ తన వల్ల కాదన్నాడు. ఇప్పుడు ఊళ్లోవాళ్ల బండ్లు ఇంటి దగ్గరే బాగుచేస్తున్నాడు. ఒక్క స్పానర్ పెట్టిన చోటు నుంచి జరిగిందా, ఇల్లు పీకి పందిరేస్తాడు.

కానీ ఏటా వరికోతలయ్యాక ఎండిన వాగులో జరిగే జీపు పందెం మాత్రం మానలేదు. ఆ పందెం ఆ రోజే. వాళ్ల ఇంటి ముందే మొదలవుతుంది. ఇసుకలో దిగాలి, బండల మధ్య నుంచి దూరాలి, ఎదుటి ఒడ్డెక్కి మద్దిచెట్టును చుట్టి రావాలి. గెలిచినవాడికి దక్కేది ఒక షీల్డు, ఏడాది పొడుగునా ఊళ్లో పేరు.

పోయినేడు నాయన పక్క సీట్లో దుర్గ కూర్చుంది. బళ్లో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల, జీపెక్కగానే "ఎడమకు! బండ! గుంతొచ్చె, మెల్లగ!" అని వాగంతా మార్మోగేలా అరిచింది. గెలిచారు. ఊరంతా ఆ సంగతే చెప్పుకుని నవ్వుకుంది. తన గొంతు అంత పెద్దదని దుర్గకూ అప్పుడే తెలిసింది.

రవీందర్ జీపు దిగుతూనే మొదలుపెట్టాడు. "ఏం జంపన్నా, నీ రేడియో తయారైందా?"

"ఏం రేడియో?" అన్నాడు బాలకృష్ణ.

"నీ మేనకోడలే! పోయినేడు గెలిచింది జీపు కాదు, ఆమె నోరు."

బాలకృష్ణ సెల్‌ఫోన్ జేబులో పెట్టాడు. "ఏంది బావా ఇది? ఈడొచ్చిన పిల్లను పక్కన కూసోబెట్టుకొని మొగోళ్ల నడుమ పందెమా? రేపు నేను నలుగుట్ల తలెత్తుకోవద్దా?"

"నేను చెప్పి చెప్పి అలసిపోయిన తమ్మీ," అంది అమ్మ లోపలి నుంచి. "ఇద్దరికిద్దరూ ఇనరు."

"మామా, ఈ ఒక్కసారి," అంది దుర్గ. మేనమామతో ఆమె అంత గట్టిగా ఎన్నడూ మాట్లాడలేదు.

"పోనీ రానియ్యన్నా," అని రవీందర్ పగలబడి నవ్వాడు. "పిల్ల అరవకుంటే జంపన్న బండి నడ్పలేడేమో!"

నాయన చేయి టైరు మీద ఆగిపోయింది. మొహం నల్లబడింది.

"ఎవడ్రా నడ్పలేనిది? నువ్వు లాగు జారకుంట కట్టుకోవడం నేర్వకముందు నుంచి తొక్కుతున్న ఈ వాగు. ఏడ ఇసుకో, ఏడ బండో నా కాలుకు ఎరుక. ఒక్కన్నే పోత!"

దుర్గ లేచి నిలబడింది. "వద్దు నాయనా. నేనొస్త."

"ఇంట్లుండు బిడ్డా."

"అయితే నువ్వు గూడ పోకు!"



"చూసినవా అక్కా?" అన్నాడు బాలకృష్ణ. "తాను పోకుంటే నాయన గూడ పోవద్దంట. ఎంత మొండిదైంది!"

"అమ్మా," అంటూ దుర్గ లోపలికి తిరిగింది. "నాయనకు..."

"దుర్గా!" నాయన గొంతు కొరడాలా తగిలింది. "నా తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చినవ్."

"ఏం మాట?" అంది అమ్మ.

"పందెం నాడు ఏడ్వనని," అని నాయన నవ్వాడు.

దుర్గ పెదవులు బిగించింది. నాయన బానెట్ మీద చేయి రాస్తూ వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. జీపు ముక్కు ముందే వాగు వైపుకు తిప్పి ఉంది. ఒడ్డున చేరిన జనం ఈలలు వేశారు.

ఆమె పరిగెత్తి పక్క సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. బాలకృష్ణ వచ్చి ఒక్కొక్క వేలే విడదీశాడు. అమ్మ జబ్బ పట్టుకుని లోపలికి ఈడ్చుకొచ్చింది.

"నలుగురి ముందర మా ఇజ్జత్ తియ్యకే!"

"అమ్మా, జల్దీ ఆపే... నీ కాళ్లు మొక్కుత, నాయనను ఆపే..."

"ఒక్క ఏడు జీపెక్కకుంటే సచ్చిపోవు గని, నోర్ముయ్!"

అమ్మ ఆమెను గదిలోకి నెట్టింది. బయట ఇంజన్లన్నీ ఒక్కసారిగా గర్జించాయి. ఎవరి మాట వాళ్లకే వినబడనంత మోత. తలుపు ధడేలున మూసుకుంది, అవతల గొళ్లెం పడింది. దుర్గ రెండు అరచేతులతో తలుపు బాదుతూ, ఇచ్చిన మాట తప్పింది.

"అమ్మా, నాయనకు కండ్లు కనబడవే!"