లావు మూతి ఐరన్లు

"ఈ లావు మూతి ఐరన్లతో ఆడితే నలుగురూ నవ్వరా? నాకు ఆ సన్నవే కావాల!" అని పుల్లయ్య అంగడి అదిరేలా అరిచాడు.

కర్నూలులో ఏసేపు నడిపే పాత ఆటసామాన్ల అంగడి అది. గోల్ఫ్ కర్రల్లో ఇనుప తలకాయ ఉన్నవాటిని ఐరన్లంటారు. బెంగళూరులో ఎవరో ఆడి వదిలేసిన సెట్లు రెండు బల్ల మీద ఉన్నాయి. ఒకటి కత్తుల్లా సన్నగా మెరిసిపోతోంది. రెండోది మొద్దుగా, బండగా, చూడగానే ఛీ అనిపించేలా ఉంది.

"చెప్పేది ఇనండన్నా. సన్నవి శానా పెద్ద ఆటగాళ్లకు. బంతి నట్టనడుమ తగిలితేనే పోతాది. రవ్వంత పక్కకు తగిలిందా, చెయ్యి జివ్వుమంటాది, బంతి ఈడే పొర్లుతాది. లావుదానికి ఆ బాధ లేదు, యాడ తగిలినా లేపుతాది. మన చేతిని బట్టి ఎంచుకోవాల గానీ మెరుపును బట్టి కాదు" అన్నాడు ఏసేపు.

"అంటే నాకు ఆట రాదంటావా?"

ఏసేపు గుడ్డ తీసుకుని ఐరన్లు తుడవసాగాడు. పక్కనున్న పుల్లయ్య భార్య వెంకటలక్ష్మమ్మ ఊరుకోలేదు. "వచ్చింటే పోయిన తూరి వియ్యంకుని ముందర అంత దుమ్మెందుకు లేస్తాది?" అనేసింది.

తగలాల్సిన చోటే తగిలింది. పుల్లయ్యది కడపలో బండల వ్యాపారం. బేతంచెర్లలో వియ్యంకుడు రంగస్వామిదీ అదే వ్యాపారం. బెంగళూరు బేరగాళ్ల పుణ్యమా అని ఇద్దరికీ ఈ ఆట అంటుకుంది. ఎప్పుడాడినా రంగస్వామిదే గెలుపు. "మా బావ కొడితే దుమ్ము లేస్తాది గానీ బంతి లేయదు" అని పెళ్లిళ్లలో, పేరంటాల్లో చెప్పి మరీ నవ్విస్తాడు. మగపెళ్లివాళ్లు కదా, ఏమన్నా పడాల్సిందే.

ఈసారి మాత్రం సంగతి మనవరాలి పేరు దాకా వచ్చింది. బిడ్డకు తన తల్లి ఓబుళమ్మ పేరు పెట్టాలని పుల్లయ్య ఆశ. తండ్రి వైపువాళ్లం మేముండగా మీ అమ్మ పేరేందన్నాడు రంగస్వామి. మాటా మాటా పెరిగింది. "ఆదివారం ఆటలో నన్ను గెలువు బావా, మీ అమ్మ పేరే పెడతాం" అని పదిమందిలో మాటిచ్చేశాడు.

"మా అమ్మ పేరు మే అది" అన్నాడు పుల్లయ్య పెళ్లాంతో. "కరువులో తాను పస్తుండి నన్ను సాకింది."

"నాకు మాత్రం ఆమె అత్తనా? కన్నతల్లి కంటే ఎక్కువ. అందుకే చెప్తాండా. ఆమె పేరు కావాల్నా, నీ డాబు కావాల్నా?"

అంగడి వెనక ఖాళీ జాగాలో పుల్లయ్య సన్నదానితో కొట్టి చూశాడు. చెయ్యి జివ్వుమంది, బంతి కోడిపిల్లలా నాలుగు గెంతులు గెంతి నిలబడింది. లావుదానితో కొట్టాడు. బంతి గోడ దాటిపోయింది. ముఖం మాడ్చుకుని లావు సెట్టే కారులో పెట్టించాడు.

ఆదివారం వచ్చింది. కడప బయట, పాత క్వారీ పక్కన చదును చేసిన మైదానం. మొలిచిన గడ్డిపోచ లేదు. ఎర్రమట్టిలో అక్కడక్కడా గుంతలు, వాటికి జెండాలు. షామియానా కింద రెండు వైపుల చుట్టాలూ చేరారు. రంగస్వామి కారు దిగాడు. భుజాన కొత్త సంచి, అందులో ధగధగ మెరిసే సన్న ఐరన్లు! 'అయిపోయింది, ఈయప్ప పెద్ద ఆటగాడే అయినాడు' అనుకున్నాడు పుల్లయ్య.

"ఏంది బావా, రోకళ్లు తెచ్చినావు? వడ్లు దంచుతావా?" అన్నాడు రంగస్వామి. చుట్టాలు పడీపడీ నవ్వారు. పుల్లయ్య తలెత్తలేకపోయాడు.

తల వంచుకునే కొట్టాడు. బంతి లేచింది! జెండా దగ్గరికి పోయి పడింది. రంగస్వామి మీసం తిప్పి, నడుము తిప్పి, బలంగా కొట్టాడు. టంగుమంది. బంతి పక్కనున్న కంపల్లో దూరింది. మళ్లీ కొట్టాడు, దుమ్ము లేచింది. అరచెయ్యి ఊదుకున్నాడు. గుంత మారినా రాత మారలేదు. ఆయన ఊదుకోవడం, దుమ్ము దులుపుకోవడం, పుల్లయ్య బంతి లేవడం. సగం ఆటకే నవ్వులు ఆగిపోయాయి. చివరి గుంతలో పుల్లయ్య బంతి పడగానే కడపవాళ్లు ఈలలు వేసి ఆయన్ను భుజాలకెత్తుకున్నారు.

"ఓబుళమ్మా! నా తల్లీ! మళ్లీ వచ్చినావా!" అని పుల్లయ్య అందరి ముందే ఏడ్చేశాడు. సంతోషం పట్టలేకపోయాడు పాపం.

రంగస్వామి చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "మాటంటే మాటే బావా. ఓబుళమ్మ పేరే పెడతాం. నా పాత ఐరన్లు తెచ్చుంటే కథ వేరేగా ఉండేది."

"మరి తేకుంటివేంది?" అన్నాడు పుల్లయ్య.

"ఎట్ల తెచ్చేది? మొన్న మీ ఇంటినుంచి సారె వచ్చె గదా! పసుపూ కుంకుమా పెట్టి, చీరెలూ అరిసెలతో పాటు ఈ సెట్టూ పంపిస్తిరి. వియ్యాలోళ్లు పెట్టిన వస్తువు నలుగుర్లో వాడకుంటే మర్యాదేనా?"

పుల్లయ్య నోరెళ్లబెట్టి పెళ్లాం వైపు తిరిగాడు. వెంకటలక్ష్మమ్మ కొంగు నిండుగా కప్పుకుని, చల్లటి మజ్జిగ గ్లాసు వియ్యంకుని చేతికి అందించింది.

"మీ అంత పెద్ద ఆటగానికి లావు మూతివి పెడితే ఏం బాగుంటాది అన్నయ్యా? అందుకే కర్నూలు అంగట్లో మీ గొప్పకు తగినవే ఎంచి పంపిస్తి."