పదేళ్ల తర్వాతి గొంతు

ఆ రోజుల్లో తెల్లవారితే చాలు, ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు తమతో తామే పోట్లాడుతుండేవారు. చెవిలో పెట్టుకునే పూసలాంటి చిన్న యంత్రం, అనుకున్నది సాధించేసిన పదేళ్ల తర్వాతి తమ గొంతుతోనే మాట్లాడేది మరి.

కాకినాడలో నర్సుగా చేసే మందాకినికి లాయరు కావాలని కోరిక. ఆస్పత్రి డ్యూటీలు, వంట, కూతురు లాస్య పనుల మధ్య చదువు సాగక ఆ పూస పెట్టుకుంది.

"లేవవే, పరీక్ష దగ్గరికొచ్చేసింది," అంది చెవిలో లాయరు మందాకిని.

"పిల్లకి ఒళ్లు కాలిపోతోంది. ఈ ఒక్కరోజూ వదిలెయ్యి."

"ఆ జ్వరం సంగతి నాకేం గుర్తులేదు. పుస్తకం తియ్యి."

మందాకిని పిల్ల వైపు తిరిగింది. "లాస్య గుర్తుందా?" అని అడిగింది.

"ముందు పుస్తకం తియ్యి."

పూస పీకి బల్లమీద పడేసింది. అయినా మనసు కుదురుగా లేదు. పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నా చూపు పుస్తకం వైపే పోతోంది. ఉండబట్టలేక తెచ్చుకుని, పిల్ల పక్కనే కూర్చుని పైకి చదవసాగింది. ఒక దొంగతనం కేసు మధ్యలో ఆపి పిల్ల ఒళ్లు తాకి చూసింది.

"ఆపేశావేంటమ్మా? ఆ దొంగకి బెయిలిచ్చారా?" అంది లాస్య కళ్లు తెరవకుండానే.

"ఉండు, చూద్దాం," అంటూ మందాకిని పేజీ తిప్పింది.