బోర్డు మీది తప్పు

‘షూట్ యువర్‌సెల్ఫ్ ఇన్ ద ఫుట్’ అని బోర్డు మీద రాసి, దాని కింద స్వప్న అర్థం రాసింది: ‘చాలా వేగంగా పరుగెత్తడం’.

మూడో బెంచీలో మహిపాల్ గబగబా తన నోట్సు తిరగేశాడు. నిన్న ఇదే మాటకు ఆమే సరైన అర్థం చెప్పింది. చైతన్యపురిలోని ఆ స్పోకెన్ ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె పొరబడడం అతను ఎన్నడూ చూడలేదు. ఈ రోజే పొరబడాలా? వెనక బెంచీలో యజమాని భానుమూర్తి కూర్చుని వింటున్నాడు. పోయిన నెల ఇలాగే వచ్చి కూర్చుని, పాఠం నచ్చక ఇద్దరు టీచర్లను తీసేశాడు. ఆ పూటే వాళ్ల సర్టిఫికెట్లు చేతిలో పెట్టి పంపేశాడు.

మహిపాల్ క్యాబ్ డ్రైవర్. నలభై దాటాక ఇంగ్లిష్ నేర్చుకోవడానికి సిగ్గుపడుతూ చేరాడు. స్వప్న రోజూ క్లాసయ్యాక అరగంట కూర్చోబెట్టి మాట్లాడించేది. ఆ చలవతోనే మొన్న ఒక పెద్ద కంపెనీలో డ్రైవరుగా ఎంపికయ్యాడు.

భానుమూర్తి లేచి నిలబడ్డాడు. “ఆ అర్థం సరిగ్గా చూసుకునే రాశారా, అమ్మా?”

“అంతే సార్,” అంది స్వప్న తల వంచుకుని.

మహిపాల్ ఇక ఆగలేకపోయాడు.

“సార్, మేడమ్ కావాలనే తప్పు రాసిన్రు. మేము పట్టుకుంటమా లేదా అని చూస్తున్నరు. చేజేతుల మన పని మనమే చెడగొట్టుకునుడు, గదీ అర్థం. ఇంటర్వ్యూకు పోయి పాత ఓనర్‌ను తిట్టినోడు చేసుకునేది గదే.”

అదే మాట తడబడకుండా ఇంగ్లిష్‌లోనూ చెప్పాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. భానుమూర్తి మురిసిపోయాడు. ఎల్‌బీ నగర్‌లో తెరవబోయే శాఖకు స్వప్నే ఇన్‌చార్జి అనీ, ఆమె బాండు ఇంకో రెండేళ్లు పెంచుతాననీ ప్రకటించి వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక మహిపాల్ సంబరంగా దగ్గరికి వచ్చాడు. స్వప్న కళ్లు తడిగా ఉన్నాయి. సంతోషమనుకున్నాడు.

గురుకులంలో టీచరు ఉద్యోగం వచ్చిందని ఆమె మెల్లగా చెప్పింది. సోమవారం లోపు ఒరిజినల్ సర్టిఫికెట్లతో చేరాలట. చేరేటప్పుడు బాండు కింద తీసుకున్న అవన్నీ భానుమూర్తి బీరువాలో ఉన్నాయి.

“మరి సార్‌ను అడగరాదు, మేడమ్?”

“మూడుసార్లు అడిగిన. నేనై మానేస్తే ఇయ్యనన్నడు.”

ఆమె కళ్లు తుడుచుకుంది.

“తీసేస్తడనే తప్పు రాసిన, అన్నా.”