ఆరున్నొక్కటి

గుడ్ల ట్రే పట్టుకుని ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి ఇంట్లో పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

పుట్టి ఇరవై రెండు రోజులు. ఆ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

"కౌజు పిట్ట గుడ్లమ్మా! చుక్కల గుడ్లు!"

"సమయానికొచ్చావు," అంది అత్తగారు. "మా కోడలికి పాలు పడలేదు. ఇవి తింటే పడతాయటగా?"

"పాలు పడతాయని అబద్ధం చెప్పలేను పెద్దమ్మగారూ. అయిదు కలిపితే ఒక కోడిగుడ్డు. ఇనుము ఉంటుంది, ఒంటికి బలం. అంతే."

"అమ్ముకునేదానివి, నీ సరుకు నువ్వే తక్కువ చేసుకుంటావేం!" అత్తగారు నవ్వింది.

కోడలు నవ్వలేదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఊపేస్తోంది.

"అలా ఊపకండమ్మా. ఆవలింత రాగానే పడుకోబెట్టాలి. ఏడుపు దాకా ఆగితే నిద్ర దాటిపోతుంది. వెల్లకిలా వెయ్యండి. తలగడ వద్దు. కిటికీ తెర లాగండి."

చెప్పింది గానీ ఆమె గడప దాటలేదు. అక్కడే చతికిలబడి, రాగం తీస్తూ గుడ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు... ఆరున్నొక్కటి... ఎనిమిది..."

పది కాగానే ఒకటికి మారుగా మళ్ళీ లాభం. మూడో లాభానికి పిల్లాడు నిద్రపోయాడు.

"ఏడు అనవేం?" అత్తగారు గొంతు తగ్గించి అడిగింది.

"పసివాడి ముందు ఆ మాటంటే, ఏడవమన్నట్టు కాదూ?"

ఆ రోజు నుంచి గుడ్లామె రోజూ వచ్చింది. వారం రోజులు ఇంటిల్లిపాదీ నిద్రపోయారు.

ఒకసారి కోడలు తనూ లెక్కపెట్టి చూసింది. అదే రాగం, అదే ఆరున్నొక్కటి. పిల్లాడు ఇంకా గట్టిగా అందుకున్నాడు.

ఆ మంట ఆమె లోపల అలాగే ఉండిపోయింది.

ఎనిమిదో రోజు గుడ్లామె ఒళ్ళో మూతపెట్టిన ట్రే చూసి అత్తగారు అడిగింది. "ఇన్ని గుడ్లు పెట్టే పిట్టకి పొదిగే తీరికెక్కడిదే?"

"ఫారం పిట్ట గుడ్డు పెడుతుంది గానీ పొదగదు పెద్దమ్మగారూ. పొదగడానికి ఇంకొకరు కావాలి."

"హవ్వ! అదేం తల్లే!"

కోడలు ఉలిక్కిపడి గుడ్లామె వంక చూసింది.

ఆ బిడ్డ తన కడుపున పెరిగినవాడు కాడు. ఎవరో ఒకామె నవమాసాలు మోసి కని ఇచ్చింది. ఆ మనిషి ఎవరో ఆసుపత్రివాళ్ళు చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు. కోడలు అయిదు నెలలు వేరే ఊళ్ళో అద్దెకుండి, చేతుల్లో బిడ్డతో తిరిగొచ్చింది. ఈ సంగతి మొగుడికి తెలుసు, తనకి తెలుసు. అత్తగారికి తెలిస్తే ఆ ఇంట్లో ఆమె బతుకు బతుకు కాదు.

ఆసుపత్రి వంటింటికి గుడ్లు వెళ్ళేది ఈమె పనిచేసే ఫారం నుంచే. అక్కడే విని ఉంటుంది. ఇవాళ పిట్ట మీద పెట్టి అంది. రేపు ఉన్నదున్నట్టు అత్తగారి చెవిన వేస్తుంది.

"అత్తయ్యా, నేను చెప్పకూడదనుకున్నాను," అంది కోడలు. "నిన్న ఈవిడ పిల్లాడి పెదాలకి ఏదో రాసింది. నా కళ్ళతో చూశాను. మత్తుమందు!"

గుడ్లామె ఒక్కనాడూ గడప దాటలేదన్న సంగతి అత్తగారికి ఆ క్షణాన గుర్తు రాలేదు.

"అందుకా, నీ లెక్కలకి వాడు పడిపోతున్నది! గొడ్డుదానా! ఒక్క బిడ్డని కనుంటే తెలిసేదే నీకు, కన్నకడుపు ఎలా ఉంటుందో!"

గుడ్లామె ఏదో అనబోయింది. కోడలి ముఖంలోకి చూసి ఊరుకుంది.

కేకలకి లోపల పిల్లాడు లేచి ఏడుపందుకున్నాడు.

గుడ్లామె ఒళ్ళు ఒక్కసారి జలదరించింది. పనిచొక్కా ముందంతా తడిసిపోయింది.

"చాల్లే, గుడ్లు పగలగొట్టుకుని గుమ్మమంతా పాడుచేశావు. పో!" అంది కోడలు.

ఆమె ట్రే గడప మీద పెట్టి, రెండు చేతులూ రొమ్ముకి అడ్డం పెట్టుకుంది.

"అవునమ్మా. పగిలాయి."

ట్రే అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

కోడలు అంతటితో ఆగలేదు. ఫారం యజమానికి ఫోన్ చేసింది. సాయంత్రానికి ఆమె పని ఊడింది.

నాలుగు రోజులు పిల్లాడు కన్ను మూయలేదు. అయిదో రోజు కోడలు ఒక్కతే వాణ్ణి, వాడు పుట్టిన ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"జబ్బేం లేదమ్మా," అంది ముసలి నర్సు. "కడుపులో విన్న గొంతు కోసం వెతుక్కుంటున్నాడు."

"కడుపులో ఏం వింటారు?"

"ఎందుకు వినరు? వీణ్ణి మోసినావిడ పొద్దస్తమానం లెక్కపెట్టే పనిలో ఉండేది. పురిటినొప్పుల్లోనూ లెక్కే! విచిత్రం మనిషి, చచ్చినా ఏడు అనేది కాదు."

కోడలు నర్సు చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడుంటుంది ఆవిడ?"

"ఇక్కడే ఉండేది. పని పోయిందట. పాలు ఎండిపోవడానికి మాత్రలు అడిగి తీసుకుని, మొన్ననే ఊరు వదిలి వెళ్ళిపోయింది. ఎక్కడికో చెప్పలేదు."

కోడలు ఇంటికొచ్చి తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. ఆ రోజు అత్తగారు లోపల పెట్టిన ట్రే మూత కూడా తీయకుండా ఓ మూలన ఉంది.

భుజం మీద పిల్లాడు గుక్కపట్టాడు.

మూత తీసి, వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టింది. లాభం... రెండు... మూడు...

మూడు పదులూ ఉన్నాయి. ఒక్క గుడ్డూ పగల్లేదు.